వేడిలో ఏళ్లు నడిచిన ఫెర్రిటిక్ స్టీల్‌ను మళ్లీ వాడొచ్చా? వర్క్‌షాప్‌లోనే తేల్చుకునే పద్ధతి

"ఫర్నేస్‌లో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. షట్‌డౌన్‌లో బయటికి తీసి సుత్తితో ఒక్కటి తట్టగానే రెండు ముక్కలైంది. మెటీరియల్ డూప్లికేటా?"

హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి హీట్ ట్రీట్‌మెంట్ షాపుల నుంచి, కాటేదాన్ బేకరీ ఓవెన్ల వాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. చాలాసార్లు మెటీరియల్ అసలుదే. ఏళ్ల తరబడి వేడిలో కూర్చోవడం వల్ల లోపల పెళుసెక్కి ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ పెళుసుదనం బయటపడదు, చల్లారాకే పడుతుంది. అందుకే ఈ స్టీల్ నడుస్తున్నప్పటి కంటే రిపేరు బల్ల మీదే ఎక్కువ విరుగుతుంది.

విరిగిన ముక్కను, విరగని పక్క ముక్కను చూసి ఏం జరిగింది, మిగతా భాగాన్ని బతికించొచ్చా, పారేయాలా అని ఎలా తేల్చాలో కింద వరసగా ఇస్తున్నాం. ఫెర్రిటిక్ అంటే నికెల్ దాదాపు లేకుండా క్రోమియంతో చేసే, మాగ్నెట్ పట్టే స్టెయిన్‌లెస్ స్టీల్. అందులో 409, 430, 439, 446 గ్రేడ్లకు ఇది వర్తిస్తుంది. 304, 310 లాంటి ఆస్టెనిటిక్ గ్రేడ్లకు వర్తించదు, వాటి లెక్క పూర్తిగా వేరు. బాయిలర్ చట్టం కిందికొచ్చే భాగాలు, ప్రెజర్ వెసెల్స్ అయితే పరీక్షల వరకే ఇది వాడుకోండి. రిపేరు నిర్ణయం ఇన్‌స్పెక్టర్‌ది.

ముందు తెలియాల్సింది కొంచెమే

ఫెర్రిటిక్ స్టీల్‌కు వేడి వల్ల వచ్చే జబ్బులు ముఖ్యంగా నాలుగు. ఏది వస్తుందన్నది ఎన్నేళ్లు నడిచిందన్నదాని కంటే ఎన్ని డిగ్రీల దగ్గర కూర్చుందన్నదాన్ని బట్టే ఎక్కువ ఉంటుంది. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నాం.

370 నుంచి 540 మధ్య: దీన్ని 475 పెళుసుదనం అంటారు. క్రోమియం ఎక్కువున్న చిన్న చిన్న మచ్చలు, తక్కువున్న మచ్చలుగా లోహం లోపలే విడిపోతుంది. 475 దగ్గర ఇది అన్నిటికంటే వేగం. గట్టిదనం పెరుగుతుంది, సాగే గుణం పోతుంది. 446లో పదుల గంటల్లోనే మొదలవుతుంది. 430లో వందల నుంచి వేల గంటలు పడుతుంది. 11 శాతం క్రోమియం ఉండే 409కి ఈ బెడద దాదాపు లేదు.

సుమారు 600 నుంచి 800 మధ్య: సిగ్మా. ఇనుము, క్రోమియం ఇంచుమించు సగం సగం కలిసిన గట్టి పదార్థం గింజల (లోహం లోపలి సన్నటి స్ఫటికాల) అంచుల్లో పుడుతుంది. 446లో వందల గంటలు దాటాక చూడాలి. 430లో దీని గురించి దిగులు పడాల్సిన పని దాదాపు లేదు. మాలిబ్డినం, సిలికాన్ ఎక్కువున్న గ్రేడ్లలో తొందరగా వస్తుంది.

925 దాటి వేడెక్కి చల్లారితే: గింజల అంచుల్లో క్రోమియం కార్బైడ్లు, నైట్రైడ్లు చేరి, ఆ అంచుల వెంట తుప్పు పడుతుంది. 430లో అయితే కొంత మార్టెన్‌సైట్ (గట్టి, పెళుసు రూపం) కూడా పుట్టి గట్టిపడుతుంది.

950 పైన ఎక్కువసేపు: గింజలు పెరిగిపోతాయి. మొదటి మూడింటికీ మందు ఉంది, దీనికి లేదు. మామూలు స్టీల్‌లా వేడి చేసి చల్లార్చి గింజను మళ్లీ సన్నం చేయడం ఈ లోహంలో కుదరదు.

సిద్ధం చేసుకోవాల్సినవి

- మంచి మాగ్నెట్, వెర్నియర్, కొలత టేపు, సుద్ద
- హ్యాక్సా లేదా నీళ్లు పోస్తూ కోసే బ్యాండ్ సా
- గట్టి వైస్, బెండ్ చేయడానికి రౌండ్ రాడ్లు. రాడ్ వ్యాసం మీ ప్లేటు మందానికి రెట్టింపు ఉండాలి
- ఆకురాయి, 120 నుంచి 400 నంబర్ వరకు ఎమెరీ పేపర్
- కంటికి అందని పగుళ్లు చూపే డై పెనెట్రెంట్ కిట్: క్లీనర్, ఎర్ర డై, డెవలపర్
- కె టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), దాని రీడర్
- 600, 800, 900 డిగ్రీలు పట్టుకోగల చిన్న మఫిల్ ఫర్నేస్. మీ దగ్గర లేకపోతే పక్కనున్న హీట్ ట్రీట్‌మెంట్ షాపును అడగండి. 600 అంటే వాళ్లు టెంపరింగ్‌కు రోజూ వాడే వేడే, మీ స్ట్రిప్ వాళ్ల బ్యాచ్‌తో పాటు వెళ్లిపోతుంది
- ముఖానికి షీల్డు, తోలు గ్లవ్స్, మాస్కు

గట్టిదనం కొలిచే బెంచ్ మిషన్, గ్రేడ్ చెప్పే ఎక్స్‌రే గన్ కొనక్కర్లేదు. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ముక్కకు ఇంత అని తీసుకుని చేసిపెడతారు.

పని వరస

1. గ్రేడ్ ఖాయం చేసుకోండి.

మాగ్నెట్ గట్టిగా పట్టాలి. పట్టకపోతే అది ఫెర్రిటిక్ కాదు, ఇక్కడితో ఆపేయండి. పట్టినంత మాత్రాన 430 అనీ అనుకోవద్దు. 409కీ 446కీ కూడా మాగ్నెట్ ఒకేలా పడుతుంది, మామూలు ఇనుముకీ పడుతుంది.

ఎక్స్‌రే గన్‌తో క్రోమియం చూపించుకోండి. 10.5 నుంచి 11.7 శాతం ఉంటే 409. 16 నుంచి 18 ఉంటే 430. 17 నుంచి 19 ఉండి టైటానియం కూడా కనిపిస్తే 439. 23 నుంచి 27 ఉంటే 446. గన్ పెట్టే ముందు ఆ చోట పొలుసు పోయి మెరిసే లోహం కనిపించేదాకా రుద్దాలి. పొలుసు మీద పెడితే లోహం లెక్క కాదు, ఆక్సైడ్ లెక్క వస్తుంది. ఇంకో మాట, ఈ గన్ కార్బన్‌ను చూడలేదు. కార్బన్ కావాలంటే ముక్క కోసి స్పెక్ట్రో చేయించాలి.

రాణిగంజ్‌లో కొన్న మాలుకు మిల్ టెస్ట్ సర్టిఫికెట్ ఉంటే అందులోని హీట్ నంబరు (ఏ కరుగు బ్యాచ్‌లోదో చెప్పేది) ముక్క మీది పంచ్‌తో కలుస్తుందో చూడండి. కలవకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టి గన్‌నే నమ్మండి.

2. వేడి మ్యాప్ గీయండి. మొత్తం పనిలో ముఖ్యమైన అంకం ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

ఒకే ముక్క ఒకే వేడిలో ఉండదు. ఉదాహరణకు థర్మోకపుల్ మీద తొడిగే 446 ప్రొటెక్షన్ ట్యూబ్ తీసుకోండి. కొస ఫర్నేస్ మధ్యలో 900లో ఉంటుంది. తల బయట గాలిలో 60లో ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట 475 ఉండి తీరాలి. మామూలుగా అది ఇటుక గోడ మందంలో, లోపలి ముఖానికి కొంచెం వెనక పడుతుంది. ట్యూబ్ విరిగేదీ అక్కడే. ఎర్రగా కాలే కొసను చూసి "ఇంత వేడిలో నిలబడింది, గోడ దగ్గర ఎందుకు విరిగింది" అని తల పట్టుకునే వాళ్లకు జవాబు ఇదే.

ఫర్నేస్ నడుస్తుండగా ట్యూబ్ లోపలికి సన్నటి కె టైప్ థర్మోకపుల్ తోసి, 50 మి.మీ. చొప్పున వెనక్కి లాగుతూ, ప్రతి చోటా రీడింగ్ నిలకడ పడ్డాక రాసుకోండి. ప్లేట్లు, బాఫిళ్ల (మంటను, పొగను మళ్లించే అడ్డు పలకల) విషయంలో థర్మోకపుల్ కొస లోహానికి తగిలేలా కట్టాలి. గాలిలో వేలాడదీస్తే గాలి వేడి చూపిస్తుంది, ప్లేటు వేడి కాదు.

ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడితే ఎమిసివిటీ (పైముఖం వేడిని ఎంత వెదజల్లుతుందో చెప్పే అంకె) సెట్టింగ్ చూసుకోండి. నల్లగా ఆక్సైడ్ పట్టిన చోట 0.8 దరిదాపుల్లో సరిపోతుంది. అదే సెట్టింగ్‌తో మెరిసే చోట చూస్తే వందల డిగ్రీలు తక్కువ చెబుతుంది. రంగు చూసి లెక్క కట్టడం కొత్త ముక్కకైతే కొంత పనికొస్తుంది. ఏళ్లు నడిచిన ముక్కలో 400లో పదేళ్లున్నదీ, 600లో కాసేపున్నదీ ఒకే రంగులో కనిపించవచ్చు.

ఇప్పుడు ముక్క మీద సుద్దతో గీతలు గీయండి: 370 లోపు, 370–540, 600–800, 925 పైన. మిగతా పనంతా ఈ గీతల్ని బట్టే నడుస్తుంది.

షట్‌డౌన్ గంటలు కూడా ఇందులో కలపండి. 800లో నడిచే ముక్క మామూలుగా 475 జోన్‌లో ఉండదు. కానీ దసరాకు ఆయుధ పూజ చేసి, ఫర్నేస్ తలుపు మూసి వెళ్లిపోతే, మందపాటి ఇటుక గోడల వేడికి 540 నుంచి 370కి దిగడానికే గంటలు గంటలు పడుతుంది. 446కి ఆ గంటలన్నీ లెక్కే.

3. పైపైన చూడండి, కానీ చేతులు పెట్టకముందు ఒక హెచ్చరిక.

కాల్షియం ఉన్న ఇన్సులేషన్ గానీ, కొన్ని రకాల యాంటీ సీజ్ పేస్టులు గానీ వేడి స్టెయిన్‌లెస్‌కు తగిలిన చోట పసుపు రంగు పొడి కనిపిస్తే పొడి బ్రష్‌తో దులపొద్దు, గాలి కొట్టొద్దు. అది హెక్సావేలెంట్ క్రోమియం అయ్యే అవకాశం ఉంది. క్యాన్సర్ కారకం. మాస్కు, గ్లవ్స్ వేసుకుని తడి గుడ్డతోనే తుడిచి, ఆ గుడ్డను ప్రమాదకర వ్యర్థంగా పక్కన పెట్టండి.

తర్వాత పొలుసు చూడండి. పల్చగా, నల్లగా లేదా బూడిద పచ్చగా అంటిపెట్టుకుని ఉంటే అది క్రోమియం ఆక్సైడ్, మంచిదే. ఎర్రగా, మందంగా, రేకులు రేకులుగా లేస్తుంటే లోహం తన హద్దు దాటి కాలింది. గాలిలో ఎడతెగకుండా నడవడానికి 409కి 705, 430కి 815, 446కి 1095 డిగ్రీలు హద్దుగా తీసుకుంటారు. ఆగి ఆగి నడిస్తే 815, 870, 1175. ఆగి ఆగి నడిచే దానికే హద్దు ఎక్కువుండటం చూసి పొరపాటున తిరగేసి రాశారనుకుంటారు. పొరపాటు కాదు. ఫెర్రిటిక్ వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లారినప్పుడు పొలుసు ఊడదు. తిరగబడేది 304లో. ఈ అంకెలు కాలిపోకుండా ఉండటానికి మాత్రమే. పెళుసెక్కదని గానీ, బరువు మోస్తుందని గానీ ఇవి చెప్పవు. 650 దాటాక ఫెర్రిటిక్ తన బరువుకే వంగిపోవచ్చు.

పొలుసు తీసి మందం కొలవండి. 21.3 మి.మీ. ట్యూబ్ గోడ కొత్తలో 2.77 మి.మీ. ఉంటుంది. సగానికి దిగితే మిగతా పరీక్షలతో పని లేదు, మార్చేయండి. ఆఖరుగా 370–540 జోన్‌లో, వెల్డుల పక్కన డై పెనెట్రెంట్ కొట్టండి. డై పది నిమిషాలు, డెవలపర్ పది నిమిషాలు ఉంచాలి. గీత కనిపించిన ముక్క మీద వైద్యం మొదలుపెట్టొద్దు. పగులును ఏ వేడీ అతికించదు.

4. నమూనాలు కోయండి.

ప్లేటు అయితే 25 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు స్ట్రిప్‌లు. ట్యూబ్ అయితే 25 మి.మీ. పొడవున్న రింగులు. అనుమానమున్న జోన్ నుంచి నాలుగు, చల్లగా ఉండిపోయిన కొస నుంచి రెండు. చల్లని కొస ముక్కలే మీ కొలబద్ద. అదే హీట్, అదే రోలింగ్, వేడి మాత్రమే తేడా. కొత్త మాలు తెచ్చి పోల్చడం కంటే ఇది వంద రెట్లు నయం.

గ్యాస్ కటింగ్, ప్లాస్మా వద్దు. డ్రై డిస్క్‌తో కోస్తే అంచు నీలం ఎక్కుతుంది, ఆ అంచు ఇక మీరు పరీక్షించాలనుకున్న లోహం కాదు. వేరే దారి లేక డిస్క్ వాడితే అంచు నుంచి 5 మి.మీ. ఆకురాయితో తీసేయండి. స్ట్రిప్‌లన్నీ ఒకే దిక్కులో కోయాలి. పొలుసు తీసి, అంచులు గుండ్రంగా చేసి, ఎమెరీని పొడుగు వైపే రుద్దండి. అడ్డంగా పడ్డ గీతలే పగులుకు మొదలవుతాయి, అప్పుడు నేరం లోహానిదో ఎమెరీదో తెలియదు.

5. గట్టిదనం చూడండి.

చేత్తో పట్టుకుని టిక్కుమనిపించే లీబ్ మీటరు పల్చటి ముక్క మీద తప్పు చెబుతుంది. బెంచ్ మిషన్ మీద విక్కర్స్ 10 కిలోలతో చేయించండి. రాక్‌వెల్ బి కూడా పర్వాలేదు, కానీ 100 దాటితే ఆ స్కేలు అక్కడితో సరి, విక్కర్స్‌కే వెళ్లాలి. అనీల్ చేసిన కొత్త మాలుకు ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) గరిష్ఠాలు బ్రినెల్‌లో 409కి 179, 430కి 183, 446కి 217. వేడి జోన్ ముక్క చల్లని కొస కంటే 30 అంకెలకు పైగా ఎక్కువ చూపిస్తే 475నో, సిగ్మానో, 430 అయితే మార్టెన్‌సైట్‌నో అనుమానించండి.

తేడా లేనంత మాత్రాన ముక్క బాగుందని కాదు. గింజ పెరిగినప్పుడు గట్టిదనం పెరగదు, ఒక్కోసారి కాస్త తగ్గుతుంది కూడా.

6. వంచి చూడండి.

చల్లని కొస స్ట్రిప్‌ను రాడ్ చుట్టూ నిదానంగా 180 డిగ్రీల కోణం దాకా వంచండి. 6 మి.మీ. దాటిన మందానికి 90 కోణం చాలు. తర్వాత వేడి జోన్ స్ట్రిప్‌లలో ఒకటి. ముఖానికి షీల్డు లేకుండా ఈ పని చేయొద్దు, పెళుసు ముక్క విరిగితే తునకలు ఎగురుతాయి. పైన మందపాటి గుడ్డ కప్పండి. ట్యూబ్ రింగును వైస్‌లో పెట్టి నొక్కుతూ, ఎంత ఎత్తు దగ్గర పగిలిందో వెర్నియర్‌తో రాసుకోండి.

పరీక్ష చేసేటప్పుడు ముక్క వేడి ఎంతో తప్పకుండా రాయండి. ఈ స్టీల్‌కు సాగే స్థితి నుంచి పెళుసు స్థితికి మారే హద్దు గది వేడికి దగ్గర్లోనే ఉంటుంది. మన ఊళ్లో మే మధ్యాహ్నం 40 డిగ్రీల షెడ్డులో వంగిన స్ట్రిప్, డిసెంబరు పొద్దున 14 డిగ్రీల్లో పుటుక్కుమనవచ్చు. రెండు ముక్కల్నీ ఒకే బకెట్ నీళ్లలో పావుగంట ఉంచి తీసి వంచితే ఈ తేడా ఉండదు.

రెండూ వంగితే: పెళుసుదనం లేదు. 370–540 జోన్ నుంచే కోశారా అని ఒకసారి చూసుకుని ముగించండి.
చల్లనిది వంగి వేడిది విరిగితే: నడకలో దెబ్బతింది. 7వ అంకానికి వెళ్లండి.
రెండూ విరిగితే: అది మందపాటి 446 అయితే కొత్తదీ అలాగే విరగొచ్చు. రెండింటినీ 100 డిగ్రీల వేడి నీళ్లలో ముంచి తీసి మళ్లీ పోల్చండి. 430 అయితే మాలులోనే లోపం ఉంది.

విరిగిన ముఖాన్ని ఎండలో తిప్పి చూడండి. కలకండ ముక్కలా మెరిసే పలకలు కళ్లకే విడివిడిగా కనిపిస్తే గింజ బాగా పెరిగింది. చూసే కన్నుకు ఈ ఒక్క ముఖమే సగం రిపోర్టు ఇస్తుంది.

7. 600 మందు వేసి చూడండి.

వేడి జోన్ రెండో స్ట్రిప్‌ను 600 డిగ్రీల్లో గంటసేపు ఉంచి, తీసిన వెంటనే నీళ్లలో ముంచండి. మళ్లీ అదే బకెట్ నీళ్ల వేడిలో వంచండి. ఇప్పుడు వంగిందంటే జబ్బు 475 పెళుసుదనమే, ముక్క బతికినట్టే. విడిపోయిన క్రోమియం 550 పైన తిరిగి కలిసిపోతుంది. నీళ్లలో ఎందుకంటే, నిదానంగా చల్లార్చితే దారిలో మళ్లీ 475 గుండానే వస్తుంది. 446లో ఈ జాగ్రత్త తీసుకోకపోతే చేసిన వైద్యం చల్లారేలోపే వృథా అవుతుంది.

8. అప్పటికీ విరిగితే రెండో మందు.

446 అయితే మూడో స్ట్రిప్‌ను 900లో గంట ఉంచి నీళ్లలో ముంచండి. వంగితే సిగ్మా. 600లో సగం, 900లో పూర్తిగా తేరుకుంటే రెండూ కలిసి ఉన్నాయి.

430 అయితే 800లో గంట. 830 దాటనివ్వొద్దు. వంగితే ఎప్పుడో 925 దాటి కాలి, లోపల మార్టెన్‌సైట్, కార్బైడ్లు చేరి ఉన్నాయని అర్థం. 800 దగ్గర మార్టెన్‌సైట్ మెత్తబడుతుంది, క్రోమియం తిరిగి అంచుల్లోకి చేరుతుంది.

దేనికీ లొంగకపోతే నాలుగో స్ట్రిప్ రెండు ముఖాలనూ నీళ్లు పోస్తూ అర మిల్లీమీటరు చొప్పున గ్రైండ్ చేసి, మందులేవీ వేయకుండా వంచండి. ఇప్పుడు వంగితే దెబ్బ పైపొరకే తగిలింది. కార్బరైజింగ్ గ్యాసో, అమ్మోనియా వాతావరణమో ఉన్న ఫర్నేస్‌లో పైపొర కార్బన్, నైట్రోజన్ పీల్చుకుంటుంది. అలాంటి చోట ఆ ముక్కకు ఆయుష్షు తక్కువే. గ్రైండ్ చేసినా విరిగితే గింజ పెరిగింది. పారేయండి.

9. ల్యాబ్‌కు పంపితే ఏం అడగాలో రాసి పంపండి.

"మైక్రోస్ట్రక్చర్ చూడండి" అని మాత్రం రాస్తే "ఫెర్రైట్, నార్మల్" అని రిపోర్టు వస్తుంది, దాన్ని చూసి యజమాని ముక్కను మళ్లీ ఫర్నేస్‌లో పెట్టేస్తాడు. 475 పెళుసుదనం మామూలు మైక్రోస్కోపులో కనిపించదు. ఆ మచ్చలు నానోమీటర్ల సైజులో ఉంటాయి. రిపోర్టు అబద్ధం కాదు, అడిగిన ప్రశ్నే తప్పు. గింజ సైజు ఏఎస్‌టీఎం ఇ112 ప్రకారం, సిగ్మాకు ఆల్కలీ ఎచింగ్, చల్లని కొసకూ వేడి జోన్‌కూ విక్కర్స్, కుదిరితే గది వేడిలో, 100లో చార్పీ (దెబ్బను ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) అని విడివిడిగా రాయండి. గింజ నంబరు ఎంత చిన్నదైతే గింజ అంత పెద్దది. నంబరు 3, అంతకంటే తక్కువ వస్తే ఆశ వదులుకోండి. చిమ్నీల్లా తడి పట్టే చోట వాడే ముక్కకు ఏ763 పరీక్ష కూడా అడగండి, అది గింజ అంచుల తుప్పుకు.

10. మొత్తం ముక్కకు వైద్యం.

475 అని తేలితే: పెళుసెక్కిన ముక్కను నేరుగా 600 ఫర్నేస్‌లో పడేస్తే వేడి తేడాకే పగలొచ్చు. 250 దాకా నిదానంగా ఎక్కించి, తర్వాత వేగం పెంచి 600–620కి తీసుకెళ్లండి. ముక్క అంతటా ఆ వేడి అందాక గంట. 3 మి.మీ. లోపు 430కి ఫ్యాన్ గాలి చాలు. మందపాటి 446కి నీళ్లు. 304 ఫ్లాంజ్ వెల్డ్ చేసి ఉన్న ముక్కను నీళ్లలో ముంచితే వంకర పోతుంది, అక్కడ ఫ్యాన్ గాలితోనే సర్దుకోండి.

ఇది శాశ్వత వైద్యం కాదు. అదే జోన్‌లో మళ్లీ పెడితే మొదటి గంట నుంచి లెక్క మళ్లీ మొదలు.

11. సాపు చేయడం, వెల్డింగ్.

వైద్యం పూర్తయ్యేదాకా సుత్తి ముట్టొద్దు. తర్వాత కూడా ముక్కను 150–250 మధ్య వేడి చేసి, ప్రెస్ మీద నిదానంగా నొక్కండి. నీటి చుక్క వేస్తే చిటపటమని ఎగిరిపోవాలి, అది కనీస గుర్తు. గోడలో ఇరుక్కున్న ట్యూబ్‌ను రెంచ్‌తో తిప్పి పీకే ముందు కూడా ఎల్పీజీ టార్చ్‌తో ఇలాగే వెచ్చ చేయండి. సగం ట్యూబులు మిగిలేది ఈ చిన్న పనితోనే.

వెల్డింగ్‌కు మందపాటి 430, 446 ముక్కలను 150–200కి ప్రీహీట్ చేయండి. టిగ్, తక్కువ కరెంటు, సన్నని సూటి బీడ్లు. చెయ్యి ఊపుతూ వెడల్పుగా పోసే వెల్డర్ చేతిలో వెల్డు పక్కన గింజ ఇట్టే పెరిగిపోతుంది. 309ఎల్ ఫిల్లర్ సులువుగా పడుతుంది, సాగుతుంది. కానీ పొగలో గంధకం ఉన్న చోట దాని నికెల్ దెబ్బతింటుంది. పైగా ఫెర్రిటిక్ కంటే ఎక్కువ వ్యాకోచించి, రోజూ వేడెక్కి చల్లారే చోట అతుకు దగ్గరే లాగుతుంది. అలాంటి చోట ఫెర్రిటిక్ ఫిల్లరే వాడండి. 430 వెల్డుకు తర్వాత 760–790లో అనీలింగ్ చేయాలి.

12. తిరిగి బిగించే ముందు.

వైద్యం చేసిన ముక్కతో పాటు అదే ఫర్నేస్‌లో, అదే బ్యాచ్‌లో ఒక వేడి జోన్ స్ట్రిప్ కూడా ఉంచాలి. తర్వాత దాన్ని వంచండి, గట్టిదనం చూడండి. అంకె చల్లని కొస దగ్గరికి దిగిందా? దిగితే అసలు ముక్కకు కూడా దిగినట్టు లెక్క. డై పెనెట్రెంట్ మరోసారి కొట్టండి, ముఖ్యంగా నీళ్లలో ముంచినవాటికి.

ఎక్కువగా చేసే తప్పులు

అన్నిటికంటే ఖరీదైన తప్పు 430ని, 446ని 304లా చూడటం. "స్టెయిన్‌లెస్ కదా, 1050లో కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది" అని చేసేస్తారు. 304కి అది మందు, ఫెర్రిటిక్‌కు విషం. గింజ పెరుగుతుంది, అంచుల్లో కార్బైడ్లు చేరతాయి, 430లో మార్టెన్‌సైట్ అదనం. 475 పెళుసుదనంతో వచ్చి గంటలో తేరుకోవాల్సిన ముక్క, ఏ మందుకూ లొంగని ముక్కగా వెళ్తుంది. జాబ్ షాపుకు ఇచ్చేటప్పుడు చలానా మీద గ్రేడ్, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, దేంట్లో చల్లార్చాలి అనే నాలుగూ రాసి ఇవ్వండి. "ఎస్ఎస్ అనీలింగ్" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు 304 సైకిలే వేస్తారు, తప్పు వాళ్లదీ కాదు.

రెండోది, 430 విరిగిందని క్రోమియం ఎక్కువున్న 446కి మారడం. 450 డిగ్రీల బాఫిల్‌కు ఇది పెనం మీంచి పొయ్యిలో పడటమే. క్రోమియం పెరిగేకొద్దీ 475 పెళుసుదనం వేగం పెరుగుతుంది. అక్కడ 409 గానీ, తుప్పు కూడా ముఖ్యమైతే 304 గానీ చూడండి. 446 మేలు చేసేది 850 పైన, గంధకం పొగలో. 310 పెట్టొచ్చా అంటే, దానికి 475 బెడద లేదు గానీ 600–900 మధ్య దానికీ సిగ్మా వస్తుంది, గంధకం పొగ దాని నికెల్‌కు పడదు. కదలిక, దెబ్బ లేని చోట థర్మోకపుల్‌కు ముల్లైట్ లేదా అల్యూమినా ట్యూబ్ పెట్టి ఈ గొడవంతా తప్పించుకోవచ్చు.

మూడోది, 200లో వంచి చూసి "బాగానే ఉంది" అనేయడం. వేడిలో వంగుతుంది, అది మనకు ముందే తెలుసు. తెలియాల్సింది చల్లారాక ఏమవుతుందని.

ఇక బేకరీ ఓవెన్లు. ఉస్మానియా బిస్కెట్ కాలే గది 200 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ ట్రేలు, లోపలి షీట్లు 430లో ఎన్నేళ్లున్నా ఈ జబ్బులు రావు. చూడాల్సింది బర్నర్ మంట ముఖం మీద పడే బాఫిల్, దాని వెనక ఫ్లూ (పొగ వెళ్లే దారి) మొదటి అడుగు. మ్యాప్ అక్కడ గీయండి, మిగతా ఓవెన్ జోలికి పోనక్కర్లేదు.

పరీక్షల మధ్య ఎంత వ్యవధి అంటే, 475 జోన్‌లో ఉన్న 446కి ప్రతి పెద్ద షట్‌డౌన్‌కూ, 430కి ఏడాదికోసారి సరిపోతుంది. ప్రతిసారీ ముక్క కోయక్కర్లేకుండా కొత్త ముక్క బిగించిన రోజే అదే హీట్ నుంచి నాలుగైదు స్ట్రిప్‌లు కోసి, 475 జోన్‌లో తీగతో కట్టి వేలాడదీయండి. ఒక్కో షట్‌డౌన్‌కు ఒకటి తీసి వంచండి. ఇంకొకటి ఫర్నేస్‌కు దూరంగా, డ్రాయింగ్ ఫైలుతో పాటు బీరువాలో ఉంచండి. రెండేళ్ల తర్వాత పోల్చడానికి చల్లని ముక్క కోసం వెతుక్కోనక్కర్లేదు.